బ్రాకెన్‌హర్స్ట్: పోనీలకి అయిదు స్టార్లు, స్వారీకి మూడు, కప్పుల కొట్లకి ఒకటి

ముందే తేల్చి చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. పిల్లల్ని తీసుకుని ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ అడవికి వెళ్దామనుకునేవాళ్ళు అక్కడున్న ఊరు బ్రాకెన్‌హర్స్ట్‌కి తప్పకుండా వెళ్ళండి, కానీ పోనీ, అంటే అక్కడి పొట్టి రకం గుర్రం, ఎక్కించడానికి కాదు, పోనీలు రోడ్డు మీద వాటి పనిమీద అవి తిరుగుతుంటే చూడ్డానికి వెళ్ళండి. డబ్బు పెట్టి ఎక్కించేది బాగానే ఉంటుంది, అంతకంటే ఏం లేదు. ఉచితంగా దొరికేదే అసలు సరుకు. ఇక ఆ ఊరి బజారు, అదే బ్రూక్లీ రోడ్డు గురించి నాకు చాలా చెప్పాలని ఉంది. నేను పెరిగింది అక్కడే కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, దానికి తగ్గట్టే చదువుకోండి.

నాన్న డాక్టరు. 1981లో సౌతాంప్టన్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి, తెనాలి నుంచి అమ్మనీ అయిదేళ్ళ నన్నూ తీసుకొచ్చారు. సౌతాంప్టన్‌లోనే ఉండొచ్చు కదా అంటే, ఆయనతో పనిచేసే ఒకాయన బ్రాకెన్‌హర్స్ట్‌లో తన ఇల్లు తక్కువ అద్దెకి ఇస్తానన్నాడు, రైలు స్టేషను నడిచి వెళ్ళేంత దూరం, అంతే కారణం. అమ్మ పొద్దున్నే లేచి కర్టెన్ తీస్తే గేటు దగ్గర ఒక గోధుమరంగు గుర్రం నిలబడి పొద నములుతోంది. "ఏమండీ, ఎవరిదో గుర్రం తప్పిపోయి మన ఇంటికొచ్చింది, పోలీసులకి ఫోన్ చెయ్యండి" అంది. నాన్న కూడా నిజంగానే ఫోన్ దాకా వెళ్ళారట. ఆ తర్వాత అమ్మ పెరట్లో మెంతికూర వేస్తే ఒకసారి పాలవాడు గేటు వెయ్యడం మర్చిపోయాడు, ఇక చెప్పేదేముంది, మడి మొత్తం సాఫ్. అప్పట్నించీ అమ్మకి గుర్రాలంటే ప్రేమా లేదు భయమూ లేదు, గేటు గడియ మీద మాత్రం విపరీతమైన శ్రద్ధ.

కొత్తగా వచ్చినవాళ్ళు వీటిని అడవి గుర్రాలనుకుంటారు. కాదు. ప్రతిదానికీ యజమాని ఉంటాడు. అడవి చుట్టుపక్కల కొన్ని ఇళ్ళకీ పొలాలకీ పశువుల్ని అడవిలో మేపుకునే హక్కు ఉంది. హక్కు మనిషికి కాదు, ఆ ఇంటికి, ఆ స్థలానికి. అలాంటి హక్కుతో మేపుకునేవాళ్ళని కామనర్లు అంటారు. ఈ అడవిని 1079 ప్రాంతంలో మొదటి విలియం రాజు తన వేటకోసం కట్టడి చేసుకున్నాడు, అక్కడి జనానికి కంచెలు వేసుకునే వీలు లేకుండా పోయింది, ఆ బదులు పశువుల్ని వదిలిపెట్టుకునే వెసులుబాటు మిగిలింది, ఆ లెక్కే రకరకాల చట్టాలు మారుతూ ఇప్పటిదాకా వచ్చింది. దీన్ని చూసుకోడానికి పక్కనే లిండ్‌హర్స్ట్‌లో వెర్డరర్స్ కోర్టు ఉంది, ఆ కోర్టుకి వెళ్ళి ఎవరైనా నిలబడి తమ ఫిర్యాదు చెప్పుకోవచ్చు. కోర్టు కింద పనిచేసే అయిదుగురు అజిస్టర్లు గుర్రాల మీద, జీపుల మీద తిరుగుతూ ఏ పోనీకి దెబ్బ తగిలింది, ఏది చిక్కిపోయింది, దేన్ని ఇంటికి తీసుకెళ్ళమని యజమానికి చెప్పాలి అన్నీ చూస్తారు. యజమాని ఏటా ఒక్కో పశువుకీ ఫీజు కట్టాలి. కట్టాడని గుర్తుగా అజిస్టరు ఆ పోనీ తోక వెంట్రుకల్ని ఒక పద్ధతిలో మెట్లుమెట్లుగా కత్తిరిస్తాడు, ఏ అజిస్టరు ప్రాంతానికి ఆ కత్తిరింపు వేరు. కాబట్టి మీ పిల్లలు "అమ్మా, దీని తోక ఎవరో పాడుచేశారు" అంటే, పాడుచెయ్యలేదు, అది రసీదు అని చెప్పండి. ఒంటి మీద కాల్చి వేసిన అచ్చు కూడా ఉంటుంది, అది యజమానిది.

మా పక్కింటి పెద్దావిడ కామనరే. ఆవిడ పోనీలు మైలు దూరంలో మిగతావాటితో కలిసి ఉన్నా నడక చూసి గుర్తుపట్టేది, వాటి అమ్మ పేరు, అమ్మమ్మ పేరు కూడా చెప్పేది. నేను బడి నుంచి వచ్చి ఆవిడ కొట్టంలో గడ్డి ఎత్తేదాన్ని, కూలీ కింద జామ్ సీసా ఇచ్చేది, శనివారం అయితే ముసలి పోనీ మీద జీను కూడా లేకుండా కూర్చోబెట్టి పెరడంతా తిప్పేది. శరదృతువులో పోనీల్ని కూడగట్టేవాళ్ళు, దాన్ని డ్రిఫ్ట్ అంటారు. గుర్రాల మీద మనుషులు అరుస్తూ తరుముతుంటే పొదల్లోంచి గుంపులు గుంపులుగా పరుగెత్తుకొచ్చి దొడ్లో పడతాయి. వాటికి అక్కడే అచ్చులు, తోక కత్తిరింపులు, నులిపురుగుల మందు, అమ్మేవాటిని పక్కకి తియ్యడం. తర్వాత బ్యూలీ రోడ్ స్టేషను పక్కనున్న దొడ్డిలో వేలం. పిల్లలకి అది సంబరం, పెద్దవాళ్ళకి కాదు. పిల్లగుర్రాలకి ధర పలకని ఏడాది ఆవిడ ఇంటికొచ్చి అమ్మ ఇచ్చిన టీ తాగుతూ ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. ఇది చెప్పేది ఎందుకంటే, ఫోటోలో అందంగా ఉండే ఆ గుర్రం వెనక ఎవరో ఒకరు నష్టానికి చేస్తున్న పని ఉంది. పోనీలతో డబ్బు సంపాదించే కామనర్ని నేనైతే చూడలేదు.

ఒక ముఖ్యమైన విషయం, మనవాళ్ళకి మరీ ముఖ్యం. దయచేసి తిండి పెట్టకండి. గుడి దగ్గర ఆవుకి అరటిపండు పెట్టినట్టు మనకి చెయ్యి ఊరుకోదు, కారాపి, డిక్కీ తీసి, క్యారెట్లు, పళ్ళు, ఒకాయనైతే చేగోడీలు కూడా, నా కళ్ళతో చూశాను. పుణ్యం మాట అటుంచితే 2023లో పోనీలకీ గాడిదలకీ తిండి పెట్టడం, ముట్టుకోవడం మీద అక్కడి కౌన్సిల్ నిషేధం పెట్టింది, అప్పుడు జరిమానా 100 పౌండ్లు. కారణం సబబైనదే. తిండికి అలవాటు పడ్డ పోనీ కార్ల దగ్గరికి వస్తుంది, పెట్టనివాళ్ళని కరుస్తుంది, చివరికి రోడ్డు మీదే చస్తుంది. ఏటా పదుల సంఖ్యలో పశువులు ఆ రోడ్ల మీద బండ్ల కింద పడి పోతున్నాయి. కంచె లేని రోడ్ల మీద 40 మైళ్ళ పరిమితి ఉంది, చీకటి పడ్డాక అది కూడా ఎక్కువే అని నా అభిప్రాయం. కొన్ని పోనీల మెడకి మెరిసే పట్టీలు కడతారు గానీ నల్లగుర్రం, వాన, మలుపు, ఈ మూడూ కలిస్తే పట్టీ ఏం చేస్తుంది.

చూడ్డానికి ఎక్కడ నిలబడాలి అంటే బ్రూక్లీ రోడ్డు కింది చివర. అక్కడ వాగు రోడ్డుకి అడ్డంగా పారుతుంది, వంతెన లేదు, కార్లు నీళ్ళలోంచే వెళ్తాయి, ఆ చోటుని వాటర్‌స్ప్లాష్ అంటారు. పోనీలు నీళ్ళు తాగి, అట్నుంచి బజారులోకి నడుచుకుంటూ వస్తాయి, కొట్ల అద్దాల్లో మొహాలు చూసుకుంటూ. పిల్లలకి రబ్బరు బూట్లు వేసి తీసుకెళ్తే గంటసేపు మీ జోలికి రారు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఈగల బాధకి గుంపంతా ఒకచోట, ఒక్కోసారి నట్టనడి రోడ్డు మీద, తలలు వేలాడేసి నిలబడిపోతాయి, హారన్ కొట్టినా కదలవు. చలికాలం వస్తే ముళ్ళపొదలు తింటాయి, పైపెదవికి మీసం ఉన్న పోనీ కనిపిస్తే మా అబ్బాయి పడీపడీ నవ్వాడు. మే నెలలో అయితే పిల్లగుర్రాలు. ఇంత వినోదానికి టికెట్ లేదు. అయిదు స్టార్లు, ఇంకోటి ఉంటే అదీ ఇచ్చేదాన్ని.

ఇప్పుడు డబ్బు పెట్టి ఎక్కే స్వారీ. కంపెనీ పేరు చెప్పను, ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ముందే పిల్లల ఎత్తు, బరువు అడిగారు, ఇది నాకు నచ్చింది, బరువు అడగని చోటికి అసలు వెళ్ళకండి, గుర్రం మీద దయలేనివాళ్ళకి మీ పిల్ల మీద ఉంటుందని నమ్మకం ఏమిటి. హెల్మెట్లు వాళ్ళే ఇస్తారు. ఇంగ్లండ్‌లో గుర్రాల్ని అద్దెకిచ్చే ఎవరికైనా కౌన్సిల్ లైసెన్సు ఉండాలి, దాన్ని కనిపించేలా పెట్టాలి, చూసుకోండి. ఇంతవరకూ బాగుంది. గంట అన్నారు గానీ కాగితాల మీద సంతకాలు, హెల్మెట్ సరిపోలేదని మార్చడం, రికాబుల పొడుగు సరిచెయ్యడం, ఇవన్నీ ఆ గంటలోనే లెక్క. అడవిలోకి వెళ్ళి వచ్చింది నలభై నిమిషాలు ఉంటుందేమో. ఒకదాని తోక వెనక ఒకటి, నడకే, పరుగు లేదు. మొదటిసారి ఎక్కే పిల్లలకి అదే సరైనదని ఒప్పుకుంటాను, తాడు పట్టుకుని పక్కన నడిచిన అమ్మాయి కూడా మంచిది, మా అమ్మాయి అడిగిన ప్రతి పిచ్చి ప్రశ్నకీ విసుక్కోకుండా జవాబు చెప్పింది. కానీ ఇద్దరు పిల్లలకీ కలిపి వంద పౌండ్లకి దగ్గరపడింది. తిరిగొచ్చాక బాగుందా అంటే మా అమ్మాయి "గుర్రం చాలా మంచిది, కానీ దానికి బోర్ కొట్టింది అనిపించింది" అంది. మూడు స్టార్లు. పుట్టినరోజుకి ఒకసారి సరే, ప్రతిసారీ అక్కర్లేదు.

కొట్ల దగ్గరికొద్దాం. మా చిన్నప్పుడు బ్రూక్లీ రోడ్డు అంటే ఊరికి పనికొచ్చే బజారు. ఆదివారం అంతా మూత, వారంలో ఇంకో మధ్యాహ్నం కూడా మూత, ఆ రోజు పాలు అయిపోయాయంటే అయిపోయినట్టే. అమ్మకి అది జీర్ణం కాలేదు, తెనాలిలో రాత్రి పదింటికి కూడా అగ్గిపెట్టె దొరుకుతుంది కదా. పేపర్ల కొట్టు ఒక గుజరాతీ కుటుంబానిది, 1972లో ఉగాండా నుంచి ఇదీ అమీన్ తరిమేస్తే వచ్చినవాళ్ళు. ఆంటీకి తెలుగు రాదు, అమ్మకి గుజరాతీ రాదు, ఇద్దరికీ వచ్చిన హిందీ కలిపితే ఒక మనిషికి సరిపోయేంత ఉండదు, అయినా కౌంటర్ దగ్గర గంటలు గడిచేవి. కందిపప్పు, ఇంగువ, చింతపండు వాళ్ళు లండన్ వెళ్ళినప్పుడు మాకూ తెచ్చిపెట్టేవాళ్ళు. అంకుల్ వెనకాల అరల నిండా గాజు సీసాల్లో మిఠాయిలు, నిమ్మ షెర్బెట్లు, పేర్ డ్రాప్స్, కోలా క్యూబ్స్, సోంపు వాసన వచ్చే చిన్న ఎర్రగోళీలు, అడిగితే తక్కెట్లో పోసి పావు పౌండు తూచి తెల్ల కాగితం సంచిలో వేసి రెండు చివరలూ పట్టుకుని గిర్రున తిప్పి ముడేసేవాడు. పావు పౌండు కొనే స్తోమత లేనప్పుడు కింద పెట్టెలో విడి మిఠాయిలు ఉండేవి, అర పెన్నీకి ఒకటి. 1984 చివర్లో ప్రభుత్వం అర పెన్నీ నాణేన్ని రద్దు చేసింది, దేశం సంగతి నాకు తెలీదు గానీ మా బడిపిల్లలకి మాత్రం రాత్రికి రాత్రి ధరలు రెట్టింపయ్యాయి.

మాంసం కొట్టాయన కోడిని నిలువునా అలాగే ఇచ్చేవాడు, కాల్చుకునే జనం కదా. అమ్మ కౌంటర్ ఇవతల నిలబడి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, చెయ్యి కత్తిలా పెట్టి, ఇంకా చిన్నది, ఇంకా చిన్నది, ఎముకతోనే, చర్మం వద్దు, అని చూపించి చూపించి ఆయనకి కూరముక్కలు కొట్టడం నేర్పింది. కొన్నాళ్ళకి అమ్మ తలుపు తోసేసరికే ఆయన కత్తి నూరుకోవడం మొదలుపెట్టేవాడు. ఇనపసామాన్ల కొట్టులో మేకులు తూకానికి, తాళ్ళు గజాల లెక్కన, లాంతరు వత్తులు, గుర్రపు బ్రష్షులు, లోపల తోలునూనె వాసన. గుర్రాలకి దాణా కలిపే పెద్ద ఎనామిల్ గిన్నె అమ్మ అక్కడే కొంది, ఇడ్లీ పాత్రకి. కూరగాయల కొట్టు ముందు బయట బుట్టల్లో క్యాబేజీలు పెట్టేవాళ్ళు. పోనీలకి ఆ సంగతి తెలుసు. చీపురు పట్టుకుని ఆవిడ ఒకదాన్ని తరుముతుంటే రెండోది వెనకనుంచి వచ్చి తీసుకుపోయేది, మేం ఎదురుగా గట్టు మీద కూర్చుని ఎవరు గెలుస్తారో పందెం కట్టుకునేవాళ్ళం.

ఇప్పుడు? ఊరు చచ్చిపోలేదు, అది ముందు చెప్పాలి. మాంసం, రొట్టె, పేపరు, మందులు, ఇవన్నీ నడిచి కొనుక్కోగలిగిన ఊర్లు ఇంగ్లండ్‌లో తగ్గిపోతున్న రోజుల్లో ఈ బజారు ఇంకా బజారులాగే ఉంది. నాకు మంట పుట్టించేవి మధ్యలో వెలిసిన బహుమతుల కొట్లు. పోనీ బొమ్మ కప్పు, పోనీ బొమ్మ దిండు, పోనీ బొమ్మ ఏప్రన్, పోనీ వాసన అని రాసిన కొవ్వొత్తి కూడా ఉంటుందేమో నేను లోపలికంటా వెళ్ళలేదు. కప్పు తిప్పి చూస్తే తయారైంది ఎక్కడో. ఆ డబ్బులో కామనర్ల చేతికి చిల్లిగవ్వ పోదు. పైగా లండన్ వాళ్ళు సెలవు ఇళ్ళుగా కొనడంతో అక్కడ ఇళ్ళ ధరలు ఎక్కడికో పోయాయి, కామనర్ల పిల్లలకి సొంతూళ్ళో ఇల్లు దొరకడమే కష్టంగా ఉంది. మేపే మనిషి దూరంగా వెళ్ళిపోతే పోనీని ఎవరు చూస్తారు? పోనీలు లేకపోతే పొదలు పెరిగి మైదానాలే ఉండవు, అడవి ఇలా ఉండటానికి కారణం అవి మేస్తుండటమే. ఒక స్టారు ఇచ్చింది అందుకే.

బదులుగా ఏం కొనాలంటే, న్యూ ఫారెస్ట్ మార్క్ అనే ముద్ర ఉన్నవి చూడండి, ఆ ప్రాంతంలో పండించినవాటికి, తయారుచేసినవాటికి ఇస్తారు. తేనె, జున్ను, సాసేజీలు దొరుకుతాయి. శరదృతువులో వెళ్తే పందుల్ని కూడా అడవిలోకి వదులుతారు, ఓక్ కాయలు పోనీలకీ ఆవులకీ విషం, పందులకి విందు, అవి తినేస్తే వీటికి ప్రమాదం తగ్గుతుంది, ఇది కూడా పాత హక్కే. ఆ పందిమాంసం తినేవాళ్ళు తర్వాత మాంసం కొట్లలో అడగండి. ఇంకా ఊరి చివరి సందుల్లో నడిస్తే గేట్ల ముందు గుడ్ల పెట్టె, పక్కన డబ్బులేసే డబ్బా, మనిషి ఉండడు. కొన్ని గేట్ల దగ్గర గుర్రపు పేడ సంచులు కూడా. మా ఆయన నవ్వాడు గానీ నేను రెండు సంచులు కారులో వేయించాను, ఈ ఏడు మా గోంగూర చూడాల్సిందే.

తిండి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. స్కోన్ అనే బన్ను, జామ్, గట్టి మీగడతో ఇచ్చే క్రీమ్ టీ ఎక్కడ తిన్నా బాగుంటుంది, పిల్లలకి ఒకటి, పెద్దలకి ఒకటి చొప్పున అక్కర్లేదు, పంచుకోండి. శాకాహారులు చిప్స్ ఏ నూనెలో వేయిస్తారో ఒకమాట అడగండి, కొన్ని కొట్లలో గొడ్డు కొవ్వు వాడతారు. రంగురంగుల జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. కారం కావాలంటే ఇంటినుంచి పులిహోర కట్టుకెళ్ళడం ఉత్తమం, కాకపోతే విప్పే ముందు చుట్టూ చూసుకోండి, గాడిదలు మరీ మొండివి.

గంట మిగిలితే సెయింట్ నికోలస్ చర్చి దాకా నడవండి. చర్చి ఆవరణలో బ్రషర్ మిల్స్ అనే పాములు పట్టేవాడి సమాధి ఉంది, 1905లో పోయాడు, రాతి మీద అతని బొమ్మ చెక్కి ఉంటుంది, పిల్లలకి నచ్చుతుంది. పక్కనే మొదటి ప్రపంచయుద్ధ సైనికుల సమాధులు, ఎక్కువమంది న్యూజిలాండ్ వాళ్ళు, కొద్దిమంది మన దేశం వాళ్ళు. అంతకుముందు, 1914 చివర్నుంచి, ఫ్రాన్స్‌లో గాయపడిన భారత సైనికులకి ఈ ఊళ్ళోనే ఆస్పత్రి పెట్టారు. ఊళ్ళో మీరట్ రోడ్ అని ఒక వీధి ఉంది, ఆ రోజుల జ్ఞాపకమే. ఇండియా నుంచి ఎవరొచ్చినా నాన్న ముందు ఆ బోర్డు దగ్గరికే తీసుకెళ్ళేవారు, పోనీలు తర్వాత.

ఎలా వెళ్ళాలంటే రైలే మేలు. లండన్ వాటర్లూ నుంచి దాదాపు గంటన్నర, స్టేషను నుంచి బజారు నడకే. ఆదివారాలు మాత్రం పట్టాల మరమ్మతులు ఉన్నాయేమో ముందే చూసుకోండి. కారులో వస్తే స్టేషను పక్కన రైల్వే గేటు దగ్గర ఆగక తప్పదు, ఎండాకాలం శనివారాలు ఆ లైను పొడుగు చూస్తే ఏడుపొస్తుంది. ఖర్మ కాలి పోనీకి మీ బండి తగిలితే ఆగండి, పోలీసులకి చెప్పండి, చట్టప్రకారం చెప్పి తీరాలి, దాచి వెళ్ళిపోతే ఆ గుర్రం ఎక్కడో పొదల్లో గంటల తరబడి నరకం పడుతుంది. అన్నట్టు పార్కింగులో కారు అద్దాలు పూర్తిగా పైకెత్తి వెళ్ళండి, చిప్స్ వాసనకి తల లోపలికి పెట్టేస్తాయి, ఇన్సూరెన్సు వాళ్ళకి ఏమని రాస్తారో అది మీ ఇష్టం.